పసిఫిక్ వేడి, కౌండిన్య ఏనుగులు

మొన్న నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్లొచ్చాం. నీళ్లలో నిలబడిన చెట్ల నిండా గూడబాతుల గూళ్లు. అక్టోబరు, నవంబరు వానలు చెరువు నింపితేనే ఆ సందడి. ఆ వానల జాతకం కొంత పసిఫిక్ మహాసముద్రంలో తేలుతుందంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

అక్కడ భూమధ్యరేఖ దగ్గర నీళ్లు మామూలు కన్నా వేడెక్కితే ఎల్‌నినో, చల్లబడితే లానినా. ఎల్‌నినో ఏడాది నైరుతి వానలు తరచూ తగ్గుతాయి, మన వేరుశనగ రైతుకు టెన్షన్. అదే ఎల్‌నినో, అక్టోబరు, నవంబరు వానలు తెచ్చే ఈశాన్య రుతుపవనాలకు చాలాసార్లు బలమిస్తుంది. 2015 నవంబరు కుండపోత గుర్తుంది కదా! 2023లోనూ అంతే, ఆగస్టంతా ఎండ, డిసెంబరులో మిచాంగ్ తుపాను. అలాగని దీన్ని గట్టి సూత్రంలా పట్టుకోలేం. 2021 లానినా ఏడాది, అయినా నవంబరులో తిరుపతి వీధులు వాగులయ్యాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించారు. హిందూ మహాసముద్రం, బంగాళాఖాతం కూడా ఊరుకోవు మరి.

గాలి కాలుష్యం మీద కూడా ఎల్‌నినో, లానినాల ప్రభావం ఉంటుంది. గాలుల దిశ, వేగం మారితే పొగ ఎక్కడ నిలవాలో కూడా మారిపోతుంది.

నాకు ఎక్కువ బాధ చిత్తూరు జిల్లా కౌండిన్య అభయారణ్యం ఏనుగులది. పలమనేరు, కుప్పం పొలాల మీదికి అవి ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. వానలు తప్పి మడుగులు ఎండితే ఇంకేం చేస్తాయి? పంటా పోతుంది, కరెంటు తీగలు తగిలి ఏనుగులూ పోతాయి. ఎల్‌నినో సూచన నెలల ముందే వస్తోంది. ఆ కబురు వినగానే అడవిలో నీటి తొట్లు బాగుచేయడం మొదలుపెట్టాలి.