కోబాల్ ఉద్యోగాలు ఎవరికి దొరుకుతున్నాయి?

కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా అని చదువు ముగించుకున్న పిల్లలు నన్ను తరచుగా అడుగుతుంటారు. ఆ భాష తెలిసినవారు తగ్గిపోతున్నారనీ, బ్యాంకులు అలాంటివారి కోసం ఎదురుచూస్తున్నాయనీ ఎక్కడో చదివి వస్తారు. ఆ మాటలో నిజం ఉంది. అయితే మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల వంటి పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) మీద చాలాకాలంగా పనిచేస్తున్నవాడిగా నేను గమనించింది ఏమిటంటే, భాష ఒక్కటే తెలిసినవారికి ఆ గిరాకీలో దక్కేది చాలా తక్కువ. ఆ భాషలో రాసి ఉన్న వ్యవస్థ ఎలా నడుస్తుందో తెలిసినవారికే అసలు గిరాకీ.

కోబాల్ రూపకల్పన 1959లో మొదలైంది. అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ తయారుచేసిన ఫ్లో-మాటిక్ అనే భాష ప్రభావం దాని మీద బలంగా ఉంది. జీతాలు, వడ్డీలు, బీమా ప్రీమియంల వంటి లెక్కల కోసమే పుట్టిన భాష కాబట్టి దశాంశ సంఖ్యలను ఉన్నవి ఉన్నట్టుగా నిలుపుకోవడం దానికి మొదటి నుంచీ అబ్బిన గుణం. 0.1కి 0.2 కలిపితే ఫ్లోటింగ్ పాయింట్‌లో (దశాంశాలను దగ్గరి విలువలుగా దాచే పద్ధతిలో) సరిగ్గా 0.3 రాదని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవారికి తెలుసు. లక్షల ఖాతాలకు వడ్డీ కట్టే చోట ఆ చిన్న తేడాను కూడా ఎవరూ ఒప్పుకోరు. అందువల్ల బ్యాంకులూ ప్రభుత్వ శాఖలూ దశాబ్దాల పాటు తమ నియమాలను ఈ భాషలోనే రాసుకుంటూ వచ్చాయి. వాటిని మార్చుకోవడం చిన్న పని కాదు. కామన్‌వెల్త్ బ్యాంక్ ఆఫ్ ఆస్ట్రేలియా 2008లో తన మూల (కోర్ బ్యాంకింగ్) వ్యవస్థను మార్చడం మొదలుపెడితే, అది పూర్తి కావడానికి దాదాపు ఐదేళ్లు పట్టింది, వంద కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా ఖర్చయింది. అంత సాహసం చేయలేని సంస్థలు పాత ప్రోగ్రాములనే నడుపుకుంటూ, వాటిని చూసుకునే మనుషుల కోసం వెతుకుతుంటాయి. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు ముంచెత్తినప్పుడు న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసినవారు కావాలని బహిరంగంగా కోరడంతో ఈ విషయం అందరి నోళ్లలో నానింది. ఆయన కోరింది వాలంటీర్లను. అది ఉద్యోగ ప్రకటన కాదన్న సంగతి చాలామంది మరిచిపోయారు.

ఈ పని ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణతో చెబుతాను. రాత్రి నడిచే బ్యాచ్ జాబ్ (లావాదేవీలను గుంపుగా ఒకేసారి లెక్కించే పని) ఎస్0సీ7 అనే కోడ్‌తో మధ్యలోనే అబెండ్ అవుతుంది, అంటే ఆగిపోతుంది; మా వాడుకలో దాన్ని సాక్ సెవెన్ అంటాం. లెక్క చేయవలసిన చోట అంకెలు కానిదేదో వచ్చి చేరిందని దాని అర్థం. డంప్ (ఆగిన క్షణంలో మెమరీ నకలు) తెరిచి చూస్తే, పిక్ ఎస్9(7)వి99 కాంప్-3 అని, అంటే ప్లస్ మైనస్ గుర్తుతో తొమ్మిది అంకెల సంఖ్యగా, ప్రకటించిన ఫీల్డులో ఐదు బైట్లూ 40 40 40 40 40 అని కనిపిస్తాయి. మెయిన్‌ఫ్రేమ్ వాడే అక్షర సంకేత పద్ధతి ఈబీసీడీఐసీలో 40 అంటే స్పేస్. కాంప్-3 అంటే ప్యాక్డ్ డెసిమల్, ఒక్కో బైటులో రెండేసి అంకెలను ఇమిడ్చే పద్ధతి; అందులో చివరి సగం బైటు ప్లస్సో మైనస్సో తెలిపే గుర్తు అయి ఉండాలి, అక్కడ సున్నా ఉండేసరికి యంత్రం ఆగిపోయింది. ఇంతవరకు భాష తెలిసిన ఎవరైనా చెప్పగలరు. ఆ స్పేసులు ఎవరు పంపిన ఫైలులోంచి వచ్చాయి, ఆ రికార్డును పక్కన పెట్టి జాబ్‌ను ముందుకు నడిపిస్తే తెల్లవారేలోపు నడవవలసిన మిగతా జాబుల్లో మొత్తాలు తేడా పడతాయా, ఆగిన స్టెప్పు నుంచి రీస్టార్ట్ చేస్తే అప్పటికే జమ అయిన సొమ్ము రెండోసారి జమ అవుతుందా అన్న ప్రశ్నలకు అర్ధరాత్రి వేళ జవాబు చెప్పగలిగే మనిషి కోసమే కంపెనీలు వెతుకుతున్నాయి.

అందుకే ఉద్యోగ ప్రకటనల్లో కోబాల్ ఒంటరిగా కనిపించడం అరుదు. జేసీఎల్ (జాబులను నడిపే ఆదేశాల భాష), డీబీ2 (డేటాబేస్), సీఐసీఎస్ (లావాదేవీలను అప్పటికప్పుడు నడిపే సాఫ్ట్‌వేర్), వీసామ్ (ఫైళ్లను దాచే పద్ధతి) దాని పక్కనే ఉంటాయి, వాటితో పాటు బ్యాంకింగ్‌లోనో బీమాలోనో కొన్నేళ్ల అనుభవం అడుగుతారు. అరుదైన నైపుణ్యం కాబట్టి మొదటి రోజు నుంచే పెద్ద జీతం వస్తుందనుకోవడం పొరపాటు. పెద్ద జీతం అందుకునేవారు ఒకే వ్యవస్థను ఏళ్ల తరబడి చూసినవారు. అనుభవం లేనిదే ఉద్యోగం రాదు, ఉద్యోగం లేనిదే మెయిన్‌ఫ్రేమ్ మీద అనుభవం రాదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మనుషులు దొరకడం లేదని చెప్పే సంస్థల్లో కొన్ని, కొత్తవారిని తీసుకుని నేర్పించడానికి మాత్రం ముందుకు రావు.

పాత కోడ్‌ను జావాలోకి మార్చే కృత్రిమ మేధ సాధనాలు ఈ ఉద్యోగాలను తినేస్తాయేమోనన్న భయం కూడా వినిపిస్తోంది. వాక్యాలను మార్చడం ఆ సాధనాలకు కష్టం కాదు. కానీ ఎవరూ ఎక్కడా రాసి పెట్టని నియమం ఒకటి ఏదో ఇఫ్ షరతులో దాగి ఉంటే, అది ఇప్పటికీ అవసరమా కాదా అని తేల్చడానికి పాత ప్రోగ్రామును చదవగలిగే మనిషి కావాలి. మార్పిడి జరిగినంత కాలం ఆ పని ఉంటుంది. ఆ తర్వాత ఉంటుందని నేను హామీ ఇవ్వలేను, అందుకే జావానో పైథాన్‌నో వదిలేసి దీని ఒక్కదాని మీదే ఆధారపడమని ఎవరికీ చెప్పను.

ఆసక్తి ఉన్నవారు నేర్చుకోవడానికి ఖర్చు పెట్టనక్కర్లేదు. గ్నూకోబాల్ అనే కోబాల్ కంపైలర్‌ను సొంత కంప్యూటర్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు. ఐబీఎం వారి శిక్షణ వేదిక జెడ్ ఎక్స్‌ప్లోర్‌లో నిజమైన జెడ్/ఓఎస్ (మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) మీదే సాధన చేయవచ్చు. ఇంటర్వ్యూ దాకా వెళ్లినప్పుడు మాత్రం మీరూ ఒక ప్రశ్న తప్పక అడగండి: ఆ వ్యవస్థను ఇప్పుడు చూసుకుంటున్న సీనియర్ పక్కన కూర్చుని ఎంతకాలం నేర్చుకునే వీలుంటుంది? ఆ సీనియర్ ఇప్పటికే వెళ్లిపోయారని వాళ్లు చెబితే, అది మొదటి ఉద్యోగంగా ఎంచుకోదగ్గ చోటు కాదని నా అభిప్రాయం.