గుర్రపు బండి పాటలు

నిన్న రాత్రి గుంటూరు నుంచి బెజవాడ వస్తూ రైల్లో బ్రిటిష్ జానపద గాయని వాష్టి బన్యన్ మొదటి ఆల్బమ్ 'జస్ట్ అనదర్ డైమండ్ డే' మొత్తం విన్నాను. కాలేజీ రోజుల్లో జోలపాటల్లా ఉన్నాయని రెండు పాటలకే ఆపేశాను.

ఈసారి కృష్ణా కెనాల్ దగ్గర బండి ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఆవిడ గొంతు పక్క సీట్లోంచి పాడినట్టే ఉంది. గుర్రపు బండిలో స్కాట్లాండ్ దీవుల వైపు నెలల తరబడి వెళ్తూ రాసుకున్న పాటలవి! 1970లో విడుదలైతే పట్టించుకున్నవాళ్లే తక్కువ. ఆవిడ పాడటమే మానేశారు. 2000లో మళ్లీ విడుదలయ్యాక గానీ జనం చెవిన పడలేదు. రెండో ఆల్బమ్ 2005లో. అన్నేళ్ల మౌనం తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

బండి వంతెన ఎక్కి, బ్యారేజీ దీపాలు కనిపించేసరికి మొదటి పాట మళ్లీ పెట్టుకున్నాను.