పాముకాటు కేసు, 20 నిమిషాల పరీక్ష

చింపిన తువ్వాలతో ఆ పెద్దమ్మ పిక్క మీద బిగించిన కట్టు ఎంత గట్టిగా ఉందంటే, దాని కింద పాదమంతా ఉబ్బి నల్లబడింది. పత్తి చేనులో కలుపు తీస్తుండగా కరిచిందని, ఊళ్లో మంత్రం వేయించాకే నల్లగొండకు తీసుకొచ్చామని ఆమె కొడుకు ఏడుస్తూ చెప్పాడు.

రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడిగా ఉన్న గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచాను. వంచి చూస్తే రక్తం గడ్డకట్టకుండా పలుచగా జారింది. రక్తపింజర కాటులో ఇలాగే జరుగుతుంది. డాక్టరు చెప్పగానే 10 వయల్స్ (చిన్న సీసాలు) యాంటీవెనమ్‌ను, అంటే పాము విషానికి విరుగుడు మందును, సెలైన్‌లో కలిపి ఎక్కించడం మొదలుపెట్టి, రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ పక్కనే సిద్ధంగా ఉంచుకొని, ఆ తర్వాతే కట్టును మెల్లగా వదులు చేశాం.

"బిడ్డా, నా కాలు ఉంటదా?" అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. "భయపడకు పెద్దమ్మా, కాలు మాత్రం కదపకు" అన్నాను.

కొడుకు మీద నాకు కోపం రాలేదు. చిన్నప్పటి నుంచి చూసిందే అతను చేశాడు. కానీ యాంటీవెనమ్ రక్తంలో తిరిగే విషాన్ని అడ్డుకుంటుందే తప్ప, అప్పటికే దెబ్బతిన్న కండను బాగుచేయలేదు. మంత్రం దగ్గర పోయిన సమయం తలచుకుంటే మనసు కలుక్కుమంటోంది. కాలు కదలకుండా పడుకోబెట్టి, ఏ కట్టూ కట్టకుండా 108కి ఫోన్ చేసి ఉంటే ఎంత బాగుండేది!

ఆరు గంటల తర్వాత చేయాల్సిన రెండో పరీక్షను నైట్ డ్యూటీ సిస్టర్‌కు అప్పగించి వచ్చాను. ఫలితం తెలియగానే ఫోన్ చేయమని ఆమెకు చెప్పాను.