ఒకే ఆటకి అయిదు వెర్షన్లు: ఏది ఆడాలో తేల్చుకునే సరికి

ఫైనల్ ఫాంటసీ 6 అనే పాత వీడియో గేమ్ ఆడాలని అనుకున్న రోజుకీ, స్థిమితంగా కూర్చుని మొదలుపెట్టిన రోజుకీ మధ్య నాలుగు నెలలు గడిచాయి. ఆట దొరక్క ఆగలేదు, దొరికినవే ఎక్కువైపోయి ఆగాను. 1994లో సూపర్ నింటెండో అనే గేమ్ మెషీన్‌కి వచ్చిన అసలు కార్ట్‌రిడ్జ్ (ఆట ఉండే ప్లాస్టిక్ డబ్బా) ఒకటి. 1999లో ప్లేస్టేషన్ డిస్క్ ఒకటి. 2006లో చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి మళ్లీ వచ్చింది. 2014లో బొమ్మలన్నీ కొత్తగా గీసి ఫోన్లకి ఇచ్చారు. 2022లో పాత చుక్కల బొమ్మల తీరులోనే మెరుగులు దిద్దిన పిక్సెల్ రీమాస్టర్ వచ్చింది. నేను ఈ లెక్కల్లో మునిగి ఉండగానే మా తమ్ముడు పిక్సెల్ రీమాస్టర్ కొనుక్కుని, ఆడి, ముగించేశాడు. "ఇంకా ఏది ఆడాలా అని చూస్తున్నావా అన్నా?" అని అడిగాడు. అవునని ఒప్పుకోలేక "మాన్యువల్ చదువుతున్నా" అన్నాను.

అప్పట్లో నాకు ఒక మొండి పట్టుదల ఉండేది. తయారుచేసినవాళ్లు మొదట ఏది చేతిలో పెట్టారో అదే ఆట, తర్వాత వచ్చినవన్నీ రంగులు పూసిన నకళ్లు అని. అందుకే వెతికి వెతికి ఒక సెకండ్‌హ్యాండ్ కార్ట్‌రిడ్జ్ సంపాదించాను. అది అమెరికా కార్ట్‌రిడ్జ్, లేబుల్ మీద 'ఫైనల్ ఫాంటసీ 3' అని ఉంటుంది. జపాన్‌లో వచ్చిన రెండు, మూడు, అయిదు భాగాలు అప్పటికి అక్కడికి చేరలేదు కాబట్టి నాలుగోది రెండోదిగా, ఆరోది మూడోదిగా అమ్ముడయ్యాయి. అసలుదని నేను పట్టుకొచ్చిన దాని పేరే అసలుది కాదు. అనుమానం అక్కడే రావాల్సింది, రాలేదు.

మొదటి రాత్రి ఆరు గంటలు ఆడి, సేవ్ చేసి పడుకున్నాను. పొద్దున్నే చూస్తే సేవ్‌లు మూడూ ఖాళీ. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "టెస్ట్ చేసే ఇచ్చానండీ" అన్నాడు. ఆయన టెస్ట్ చేసింది ఆట మొదలవుతుందా లేదా అన్నంత వరకే. ఆ కాలపు కార్ట్‌రిడ్జ్‌ల్లో సేవ్‌ని పట్టి ఉంచేది లోపల ఉన్న ఒక బిళ్ల బ్యాటరీ, సీఆర్2032. కరెంటు ఆగిపోతే మరిచిపోయే మెమరీ చిప్‌ని అది ఏళ్ల తరబడి మేల్కొలిపి ఉంచుతుంది. బ్యాటరీ చచ్చిపోయినా ఆటకేమీ కాదు, సేవ్ మాత్రం నిలవదు. పైగా అది బోర్డుకి టంకం వేసి ఉంటుంది, టార్చిలైటు సెల్‌లా ఊడదీసి మార్చలేం. ఎలక్ట్రానిక్స్ రిపేరు తెలిసిన ఒకాయన చేత కొత్తది వేయించాను. మార్చేటప్పుడు పాత సేవ్‌లు పోతాయని ఆయన ముందే హెచ్చరించాడు. పోవడానికి నా దగ్గర ఏముంది గనక.

ఆ కార్ట్‌రిడ్జ్‌ని ఇప్పటి పెద్ద టీవీకి తగిలిస్తే బొమ్మ కళ్లజోడు మరిచిపోయి చూసినట్టుంది. ఆ మెషీన్ ఇచ్చేది 256×224 చుక్కల బొమ్మ. పాత గాజు టీవీ దాన్ని 4:3 వెడల్పుకి సాగదీసి, చుక్కకీ చుక్కకీ మధ్య అంచుల్ని కాస్త కలిపేసేది. ముఖాల మీద నీడలు, జుట్టులో మెరుపు ఆ కలిసిపోవడంలోంచే పుట్టేవి. కొత్త టీవీలో అవి గళ్ల చొక్కాలా కనబడతాయి. పెద్ద స్క్రీన్ మీద అసలు కార్ట్‌రిడ్జ్ పెట్టి 'అసలు ఆట చూస్తున్నా' అనుకున్నానే, అది సగమే నిజం.

ఇదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేకపోయింది ఇంకోటి. దాదాపు ఇరవై గంటలు నా పార్టీలో (ఆటలో నేను నడిపించే జట్టులో) ఒకరికి దెబ్బలు తప్పించుకునే ఎవేడ్ అంకె పెంచే డాళ్లూ, ఉంగరాలూ ఏరి ఏరి తొడిగాను. అయినా వాడికి దెబ్బ మీద దెబ్బ తగులుతూనే ఉంది. నా తలరాత అనుకున్నాను. తర్వాత తెలిసింది, అసలు వెర్షన్‌లో ఆ ఎవేడ్ అంకె పనే చేయదట. కోడ్‌లో జరిగిన పొరపాటు వల్ల కత్తిదెబ్బ తప్పించుకోవడానికి కూడా మంత్రాల్ని తప్పించుకునే అంకెనే ఆట చూస్తుంది. ఈ బగ్‌ని గేమ్‌బాయ్ అడ్వాన్స్ వెర్షన్‌లో సరిచేశారు. ఇరవై గంటల కష్టం ఒక పనికిరాని అంకె మీద పెట్టానని తెలిసిన రోజు 'అసలుదే ఆడాలి' అన్న పట్టుదల కొంచెం సడలింది.

మిగతావి వరసగా పట్టుకున్నాను. ప్లేస్టేషన్ డిస్క్‌లో ఆట దాదాపు అదే, కానీ ప్రతి పోరాటానికీ, మెనూ తెరిచిన ప్రతిసారీ లోడింగ్. పోరాటాలు వందల్లో ఉండే ఆటలో ఆ రెండేసి సెకన్లు పోగై ప్రాణం తీస్తాయి. గంట ఆడి పక్కన పెట్టేశాను. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌ది అన్నిటికన్నా నన్ను ఊరించింది: కొత్త అనువాదం, అదనపు గుహ, కొత్త ఎస్పర్లు (మంత్రాలు నేర్పే మాయాజీవులు), బగ్‌లు పోవడం. కానీ ఆ తెర 240×160 మాత్రమే, కాబట్టి బొమ్మ పైనా కిందా కోత పడింది. పాటలు రేకు డబ్బాలోంచి వచ్చినట్టున్నాయి. ఈ ఆటలో పాటలు పోతే సగం ఆట పోయినట్టే నాకు. ఫోన్ వెర్షన్‌లో నున్నగా చేసిన బొమ్మలు చూడగానే వద్దనుకున్నాను. దాని కంప్యూటర్ పోర్ట్‌ని పిక్సెల్ రీమాస్టర్ రాబోతుండగా 2021లోనే అమ్మకం నుంచి తీసేశారు కూడా.

పిక్సెల్ రీమాస్టర్‌ని ఎందుకు అంత కాలం తప్పించుకు తిరిగానంటే, ఒకటి, గేమ్‌బాయ్‌లో చేర్చిన గుహా, ఎస్పర్లూ ఇందులో లేవు. రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది: ఫాంట్. 2022లో కంప్యూటర్‌కి వచ్చినప్పుడు ఇంగ్లీషు అక్షరాలు సన్నగా, ఇరుగ్గా, ఆ చుక్కల బొమ్మల మధ్య ఎవరో ప్రింటర్ కాగితం అతికించినట్టుండేవి. 2023లో కన్సోళ్లకి (టీవీకి తగిలించే గేమ్ మెషీన్లకి) వచ్చినప్పుడు పిక్సెల్ ఫాంట్‌ని ఎంచుకునే వీలు పెట్టారు. పాత సంగీతమో కొత్త సంగీతమో కోరుకోవచ్చు. దారిలో ఎదురయ్యే పోరాటాల్ని ఆపేసుకోవచ్చు, అనుభవ పాయింట్లని రెట్టింపు చేసుకోవచ్చు. మా తమ్ముడు అంత తొందరగా ఎలా ముగించాడో అప్పుడు తెలిసింది. వాడు సగం ఆట పోరాటాలు ఆపేసి నడిచాడు. నేనూ ఒక గుహలో ఆపి చూశాను. హాయిగా పది నిమిషాలు నడిచి గుహ చివర ఉండే పెద్ద శత్రువు, బాస్ దగ్గరికి వెళ్తే రెండు దెబ్బలకే పోయాను. దారిలో తగలాల్సిన దెబ్బలన్నీ బాస్ దగ్గర ఒకేసారి తగిలాయి. మళ్లీ ఆ మీట ముట్టుకోలేదు.

ఆ ఆట పూర్తి చేసింది పిక్సెల్ రీమాస్టర్‌లోనే. కానీ నేను నేర్చుకున్నది ఫైనల్ ఫాంటసీ నుంచి కన్నా తర్వాత ఆడిన వాటి నుంచి ఎక్కువ.

డయాబ్లో 2 తీసుకోండి. 2000లో వచ్చిన ఆట, 2021లో 'రిసరెక్టెడ్' అని మళ్లీ వచ్చింది. కీబోర్డ్ మీద 'జి' నొక్కితే కొత్త బొమ్మ పోయి పాతది వస్తుంది, మళ్లీ నొక్కితే కొత్తది. పాతదే అందంగా ఉండేదని నేను చాలామందితో వాదించినవాణ్ణి. నొక్కి చూశాను. నా జ్ఞాపకంలో ఉన్న బొమ్మ అక్కడ లేదు. చీకట్లో చుక్కల ముద్దలు ఉన్నాయంతే, నా కళ్లే వాటికి ఇన్నేళ్లూ మెరుగులు దిద్దుతూ వచ్చాయి. కొత్త బొమ్మ కింద నడిచేది మాత్రం పాత ఆటే. దెబ్బ తగిలే క్షణం, పరుగు వేగం, వస్తువులు రాలే తీరు అన్నీ అవే. పది నిమిషాలయ్యాక పాత బొమ్మకి వెళ్లడం మానేశాను, ఏమీ పోగొట్టుకున్నట్టు అనిపించలేదు.

దీనికి పూర్తిగా అడ్డం తిరిగింది ఫైనల్ ఫాంటసీ 4. అమెరికాలో 1991లో వచ్చిన వెర్షన్‌లో కష్టం తగ్గించి, పాత్రల ప్రత్యేక శక్తులు కొన్ని తీసేశారు. నింటెండో చేతి మెషీన్ డీఎస్‌కి వచ్చిన త్రీడీ రీమేక్‌లో కష్టం బాగా పెంచారు. కథ ఒకటే, పాత్రలు ఒకటే. ఒకదాంట్లో నేను అడ్డూ అదుపూ లేకుండా ముందుకు పోయాను, ఇంకోదాంట్లో మూడో గంటకే మెషీన్ పక్కన పెట్టి నీళ్లు తాగాల్సి వచ్చింది. టాక్టిక్స్ ఓగర్ అనే ఆట 2022 వెర్షన్‌లోనూ ఇలాంటిదే జరిగింది. మన సైన్యం లెవెల్‌కి హద్దు పెట్టారు, కథలో ముందుకెళ్తేనే ఆ హద్దు పెరుగుతుంది. కష్టమొచ్చినప్పుడల్లా వెనక్కెళ్లి గ్రైండింగ్ చేసి, అంటే చిన్న పోరాటాలే మళ్లీ మళ్లీ ఆడి బలిసే నాలాంటివాడికి అది వేరే ఆటే. బాగుంది కూడా, నాకు నచ్చింది, అయినా వేరే ఆట.

అందుకని ఇప్పుడు కొనేముందు నేను ట్రైలర్లు చూడను. ట్రైలర్ చూపించేది బొమ్మనే, బొమ్మకి కన్ను రెండు రోజుల్లో అలవాటు పడుతుంది. పోరాటాల లెక్కలు ముట్టుకున్నారా, మాటలు ముట్టుకున్నారా, ఏదైనా తీసేశారా, ఈ మూడూ వెతుకుతాను. తీసేసినవి వెతకడమే కష్టం, ఎందుకంటే చేర్చినవాటి జాబితా పెట్టె మీదే వేస్తారు. పర్సోనా 3కి ఈ పని చేసి అలసిపోయాను. 2007 ఎఫ్ఈఎస్‌లో కథ తర్వాతి అధ్యాయం ఉంది, అమ్మాయిగా ఆడే దారి లేదు. 2009 పోర్టబుల్‌లో ఆ దారి ఉంది, అధ్యాయం లేదు. 2024 రీలోడ్‌లో ఆ అధ్యాయాన్ని విడిగా కొనుక్కోవాలి, అమ్మాయి దారి అసలే లేదు. అన్నీ ఉన్న వెర్షన్ ఒక్కటీ లేదు. చివరికి నాణెం ఎగరేసి చూసుకున్నాను. పోర్టబుల్ పడింది. పడనందుకు బాధపడింది రీలోడ్ గురించి కాబట్టి, రీలోడ్ ఆడాను.

మాటల సంగతి క్రోనో ట్రిగ్గర్ నేర్పింది. 1995లో వచ్చిన ఇంగ్లీషు వెర్షన్‌లో కప్ప రూపంలో ఉన్న వీరుడు పాతకాలపు నాటక భాషలో గంభీరంగా మాట్లాడతాడు. 2008 డీఎస్ వెర్షన్‌లో అందరిలాగే మామూలుగా మాట్లాడతాడు. నాకు ఒళ్లు మండింది, కప్పని చంపేశారనుకున్నాను. తీరా చూస్తే జపనీస్‌లో ఆ కప్ప ఎప్పుడూ అలా మాట్లాడలేదు. ఆ నాటక భాష 1995లో అనువాదకుడు టెడ్ వూల్సీ తొడిగిన వేషం. అంటే నేను 'అసలుది' అని కాపాడాలనుకున్నది కూడా ఒకరి మార్పే, మొదట చూశాను కాబట్టి అసలుది అయింది. ఇది తెలిసినా నాకు ఆ వేషమే ఇష్టం. కానీ ఎవరైనా మొదటిసారి ఆడతానంటే డీఎస్‌దే చేతిలో పెడతాను, అందులో చేర్చిన అదనపు ఊరి పనులు మాత్రం వదిలేయమంటాను. ఒకే కొండ పదిసార్లు ఎక్కించి దించడం తప్ప వాటిలో ఏమీ లేదు.

బాల్డర్స్ గేట్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. 1998 ఆట 640×480 కిటికీలోంచి చూసినట్టుంటుంది, 2012 ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ కొత్త తెరలకి సరిపోతుంది. దాంట్లో చేర్చిన కొత్త సహచరులు పాతవాళ్ల కన్నా పదిరెట్లు మాట్లాడతారు. వాళ్లని పార్టీలో చేర్చుకోకపోతే సరి.

కార్ట్‌రిడ్జ్ మాత్రం అమ్మలేదు. ఫైనల్ ఫాంటసీ 6లో ఒక ఒపెరా ఘట్టం ఉంది, నాయిక రంగస్థలం ఎక్కి పాడాలి. పిక్సెల్ రీమాస్టర్‌లో దాన్ని నిజమైన గాయనీగాయకులు పాడారు, భాష కూడా మార్చుకోవచ్చు. సూపర్ నింటెండో సౌండ్ చిప్‌కి ఉన్నది 64 కిలోబైట్ల మెమరీ, అందులో పాటంతా మనిషి గొంతుతో పట్టదు. అందుకే అందులో పదాలు తెర మీద కనబడుతుంటే, గొంతులాంటి ఒక శబ్దం రాగం తీస్తుంది. కొత్త బ్యాటరీ పుణ్యాన ఆ ఘట్టం ముందు నాకు ఒక సేవ్ ఉంది. మొన్న తమ్ముడు వస్తే పెట్టి వినిపించాను.

"ఇదేంటన్నా, దోమ పాడుతున్నట్టుంది" అన్నాడు.

పాట మధ్యలో సరైన చరణం ఎంచుకోమని ఆట అడిగింది. నాకు గుర్తు రాలేదు. వాడే చెప్పాడు.