మా కీబోర్డ్‌తో మేమే టైప్ చేయడం మొదలుపెట్టాక

ఫోన్లలో తెలుగు టైప్ చేసే కీబోర్డ్ యాప్ తయారుచేసే టీమ్‌లో పనిచేస్తున్నాను. మా టీమ్ వాట్సాప్ గ్రూపులో మాత్రం అందరం ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు రాసుకునేవాళ్ళం. టెస్టింగ్‌కి ఒక పదాల జాబితా ఉండేది. అవన్నీ సరిగ్గా పడితే వెర్షన్ విడుదలయ్యేది. ఇకనుంచి ఇంటికైనా ఆఫీసుకైనా మెసేజీలన్నీ మన కీబోర్డ్‌తో, తెలుగు లిపిలోనే పెట్టాలని మా లీడ్ ఒకరోజు తేల్చి చెప్పారు.

అమ్మకి 'బస్సు ఎక్కానమ్మా' అని రాయబోతే పైన 'ఎక్కారు', 'ఎక్కించారు' అని చూపించింది. ఎందుకా అని వెతికితే, మా పదకోశంలో ఎక్కువ భాగం వార్తాపత్రికల నుంచి తీసుకున్నది. వార్తల్లో అందరూ అన్నారు, వెళ్ళారు, తెలిపారు. నేను, నువ్వు అనుకునేవాళ్ళు అక్కడ తక్కువ. తిన్నావా, బయల్దేరానండీ, పడుకున్నాడా? ఇళ్ళలో రోజంతా నడిచే ఈ మాటలే మా దగ్గర లేవు. ఒక్కో క్రియకి బోలెడు రూపాలు, వాటి చివర మళ్ళీ అమ్మా, రా, అండీ. ఇవన్నీ చేర్చడానికే అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది.

తర్వాత బ్యాక్‌స్పేస్. 'లక్ష్మి' కంటికి రెండే అక్షరాలు, ఫోన్లలో ప్రతి అక్షరానికీ గుర్తుకీ ఒక్కో నంబరు (కోడ్) ఇచ్చే యూనికోడ్‌లో మాత్రం 7 కోడ్‌లు. గుడిని దీర్ఘం చేద్దామని ఒక్కసారి నొక్కితే 'క్ష్మి' మొత్తం ఎగిరిపోయేది. మళ్ళీ క, పొల్లు, ష, పొల్లు, మ. బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో ఇది చేస్తుంటే ప్రాణం విసిగేది. జాబితా ఎంత పెద్దదైనా ఇలాంటివి బయటపడవని నాకు గట్టిగా అనిపిస్తుంది. జాబితా చూసి కొట్టేటప్పుడు ఎవరూ రాసిన మాటని మధ్యలో మార్చుకోరు కదా! ఇప్పుడు ఒక నొక్కుకి ఒక కోడే పోతుంది.

'కార్‌లో' అని కొడితే 'కార్లో' అని ఒత్తు పడేది. పొల్లుని అలాగే నిలిపే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు మా కీబోర్డ్‌లో ఉంది, కానీ చిహ్నాల మూడో పేజీలో. ఇప్పుడు పొల్లుని రెండుసార్లు నొక్కితే చాలు.

తెలుగు వాక్యం మధ్యలో ఈమెయిల్ ఐడీ రాయడం ఇంకా తలనొప్పిగానే ఉంది. ప్రస్తుతం కొత్త వెర్షన్ ఏదైనా ముందు మా ఫోన్లలోకే వస్తుంది. ఎవరైనా విసుగొచ్చి వేరే కీబోర్డ్‌కి మారితే, ఏ మాట దగ్గర మారారో దాన్నే మొదటి బగ్‌గా రాసుకుంటున్నాం.