4.11 నుంచి 3.25కి

పాత ఫోర్డ్ ఎఫ్-100 పికప్‌కి వెనక యాక్సిల్ గేర్లు మార్చేశాం. చక్రం ఒక చుట్టు తిరగడానికి డ్రైవ్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి శక్తినిచ్చే కడ్డీ) నాలుగు చుట్లకు పైనే తిరిగేది, ఇప్పుడు మూడుంపావు చాలు. హైవే మీద 3000 ఆర్‌పీఎమ్ దగ్గర గోల పెట్టే ఇంజిన్, అదే వేగానికి 2370 దగ్గర నిమ్మళంగా నడుస్తోంది. పక్క సీట్లోవాళ్ల మాటలు వినబడుతున్నాయి. అది లాభమో కాదో ఇంకా తేలలేదు!

ఈ 9 అంగుళాల యాక్సిల్‌తో (లోపలి పెద్ద గేరు వ్యాసం అది) సుఖమేంటంటే, రెండు పక్కలా చక్రాల షాఫ్టులు కాస్త బయటికి లాగి నట్లు విప్పితే గేర్లున్న మధ్యభాగం మొత్తం ముందు నుంచే ఊడొస్తుంది. బల్ల మీద పెట్టుకుని పని చేసుకోవచ్చు. ఎత్తేటప్పుడు మాత్రం నడుం జాగ్రత్త. అసలు ఓపికంతా గేరు పళ్లకు పసుపు పేస్ట్ పూసి, తిప్పి, పళ్లు ఒకదానికొకటి తగిలిన మచ్చ ఎక్కడ పడిందో చూడటానికే సరిపోయింది. మచ్చ అంచుకి జరిగితే షిమ్ (సందు సరిచేసే పల్చటి రేకు) మార్చు, బిగించు, మళ్లీ తిప్పు. పంటి నడిమధ్యకు వచ్చేదాకా వదల్లేదు.

బరువేసుకుని ఎత్తెక్కేటప్పుడు మునుపటి ఊపు లేదు, నిజమే. స్పీడోమీటర్ కూడా అబద్ధాలాడుతోంది: అది లెక్క తీసుకునేది గేర్‌బాక్స్ చివర నుంచి కదా, 60 మైళ్ల వేగంలో పోతుంటే 47 చూపిస్తోంది. దాని చిన్న ప్లాస్టిక్ గేరు మార్చాలి. వచ్చే వారం చూద్దాం.