ఎండను నమ్ముకున్న ఇంటి నుంచి గాబోన్‌కు

2024 ఆగస్టులో నాకు మధ్య ఆఫ్రికాలోని గాబోన్‌లో, రాజధాని లిబ్రవిల్‌కు దగ్గరగా ఉన్న ఎన్‌కోక్ పారిశ్రామిక మండలంలోని ఒక ప్లైవుడ్ కర్మాగారంలో బాయిలర్ నిర్వహణ ఉద్యోగం ఖరారైంది. ముడి దుంగల ఎగుమతిని ఆ దేశం 2010లో నిషేధించింది కనుక ఒకూమే కలపను అక్కడే పలుచని పొరలుగా తీసి ఆరబెట్టాలి. ఆరబెట్టడానికి ఆవిరి కావాలి, ఆవిరికి నాలాంటి వాడు కావాలి. ఈ సంగతి వివరిస్తుంటే అమ్మ మధ్యలో ఆపి, "ఆడ ఎండ కొట్టదా బిడ్డా?" అని అడిగింది. నా ప్రయాణ సన్నాహమంతా చివరికి ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మా హనుమకొండలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడితే, లిబ్రవిల్‌లో 2,800 దాకా పడుతుంది. పైగా కాలాలు తలకిందులు. మన మృగశిర కార్తెలో తొలకరి మొదలయ్యే వేళకు అక్కడ వానలు ఆగిపోతాయి, మనకు వానలు వెనుకబట్టే అక్టోబరు నాటికి అక్కడ జోరందుకుంటాయి. నేను వెళ్లవలసింది సరిగ్గా ఆ అక్టోబరులోనే.

కాగితాల పనిలో ఎక్కువ ఇబ్బంది నా చేతులారా తెచ్చుకున్నదే. పదో తరగతి మెమో పాడవకూడదని ఎప్పుడో లామినేషన్ చేయించాను. అటెస్టేషన్ ముద్ర వెనుకవైపు కాగితం మీదే పడాలి కనుక అది పనికిరాక, డూప్లికేట్ తెప్పించుకునేసరికి మూడు వారాలు గడిచాయి. ఫ్రెంచి నేర్చుకోవడం గురించి చెప్పుకోదగినది పెద్దగా లేదు. తొంభైని వాళ్లు 'నాలుగు ఇరవైలు పది' అంటారని తెలిసినప్పుడు మాత్రం, లెక్కలన్నీ ఇరవైల్లో చెప్పే మా నాయనమ్మ గుర్తొచ్చి నవ్వుకున్నాను.

అసలు దెబ్బ ఎల్లో ఫీవర్ టీకా దగ్గర తగిలింది. ఈ టీకా వేసుకున్న కార్డు లేనిదే గాబోన్‌లోకి రానివ్వరు. తిరిగి వచ్చేటప్పుడు మన దేశమూ అడుగుతుంది, ఎందుకంటే ఆ జ్వరాన్ని వ్యాపింపజేసే ఏడిస్ దోమ మన దగ్గర ఊరూరా ఉన్నా, జ్వరం మాత్రం ఇంతవరకు లేదు. కార్డు లేకుండా ఆ జ్వరం ఉన్న దేశాల నుంచి వచ్చినవారిని ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. మందు కలిపిన సీసాను ఆరు గంటల్లోపు వాడెయ్యాలి కాబట్టి ఎప్పుడు వెళ్తే అప్పుడు వేయరు, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కి, నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో సూది వేయించుకుని సాయంత్రం రైల్లో తిరిగి వస్తూ, జనగామ దాటాక పసుపు రంగు టీకా కార్డును తీరిగ్గా చదివాను. టీకా వేసిన తేదీ పక్కనే, కార్డు చెల్లడం మొదలయ్యే తేదీ వేరుగా ఉంది. రెండింటికీ మధ్య పది రోజులు. నా టికెట్ ఎనిమిదో రోజుకు తీసి ఉంది. టికెట్ తీసిన ఏజెంటు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రెండు రోజుల తేడాకు ప్రయాణం వాయిదా వేసుకుని, తేదీ మార్పు రుసుము కట్టాను. జీవితాంతం చెల్లే కార్డు నన్ను పది రోజులు కూర్చోబెట్టింది.

ఆ రోజులను వృథా పోనీయలేదు. అప్పటికే అక్కడ పనిచేస్తున్న మా నర్సంపేట అన్న ఫోనులో, "తోలు బెల్టు తేకు తమ్ముడూ, వారం తిరిగేలోపు బూజు పడ్తది" అని హెచ్చరించాడు. మన ఇళ్లలో ఏది నిలవ చేసినా ఎండదే భారం. మిరపకాయలైనా, వడియాలైనా, పరుపులైనా డాబా మీద ఒక్క పూట వేస్తే సరిపోతుంది. డాబా లేని చోట ఏది నిలుస్తుందో తేల్చుకోవాలని, అమ్మ పట్టించిన చపాటా మిర్చి కారాన్ని మూడు భాగాలు చేసి ఒకటి స్టీలు డబ్బాలో, ఒకటి రబ్బరు బ్యాండు వేసిన కవరులో, ఒకటి చౌరస్తా దగ్గరి పచ్చళ్ల దుకాణంలో గాలి తీయించి సీలు వేయించిన ప్యాకెట్‌లో పెట్టి, స్నానాలగదిలో గీజరు కింద ఉంచాను. రోజూ వేడినీళ్ల ఆవిరి వాటికి తగిలేది. తొమ్మిదో నాడు విప్పి చూస్తే కవరులోది గడ్డకట్టి నల్లబడింది. అమ్మ ఎంతో నమ్మిన స్టీలు డబ్బాలో మూత అంచు వెంట గోరంత తెల్లని బూజు గీతలా సాగింది. సీలు వేసినది మాత్రం పొడిపొడిగానే ఉంది.

దోమతెర, జ్వరం వస్తే ఆ రోజే మలేరియా పరీక్ష చేయించుకోవాలన్న డాక్టరు మాట, గాలికి త్వరగా ఆరే పలుచని బట్టలు, అన్నీ పెట్టెలోకి చేరాయి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మా కొత్తవాడ దర్రీ దగ్గర మాత్రం తగువు వచ్చింది. నూలు దర్రీ తేమను పీల్చుకుంటే అక్కడ ఆరదని నేను తీసేశాను, "మరి నేల మీద ఎట్ల పండుతవు?" అంటూ అమ్మ మళ్లీ పెట్టింది. పెట్టె తూకానికి మించడంతో ఆమే దర్రీని తీసి, ఆ బరువుకు సరిపడా కారం ప్యాకెట్లను మళ్లీ సీలు వేయించడానికి నన్ను చౌరస్తాకు పంపింది.